గాయం కారణంగా తప్పుకున్నావిడ

ముందే చెప్తున్నా, నాకు కోపం ఎక్కువ. కానీ ఆ రోజు పొద్దున ఏడున్నరకి రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర నేను చాలా మర్యాదగానే నిలబడ్డాను. అక్కడున్న రిఫరీ నా వంక, కంప్యూటర్ వంక రెండుసార్లు చూసి, “మీరు టోర్నమెంటులోంచి తప్పుకున్నారు కదండీ?” అంది.

“తప్పుకోవడమేమిటండీ, తొమ్మిదీ పదికి నా ఆట.”

ఆవిడ స్క్రీన్ నా వైపు తిప్పింది. నిన్న సాయంత్రం అయిదూ నలభైకి, నేను తప్పుకుంటున్నట్టు నా అకౌంట్‌లోంచే మెసేజ్ వెళ్ళింది. కారణం: మణికట్టు గాయం. నా బదులు వెయిటింగ్ లిస్టులో మొదట ఉన్న అమ్మాయిని ఎక్కించారు. ఆ అమ్మాయి ఎవరా అని పేరు చూశాను. మా మేనమామ కూతురు. ఇంట్లో దాన్ని పిడుగు అంటాం.

నా మణికట్టు నొప్పి సంగతి ఈ లోకంలో ఒక్క మనిషికే తెలుసు. నా పాస్‌వర్డ్ తెలిసిందీ ఆ మనిషికే. తొమ్మిదేళ్ళ వయసులో నా చేతికి మొదటి గోల్ఫ్ క్లబ్బు ఇచ్చిన మావయ్యకి. పదమూడేళ్ళుగా నేను డబ్బు తీసుకుని గోల్ఫ్ ఆడుతున్నాను, ఒక్క టోర్నమెంటుకీ నేనుగా పేరు రాయించుకుని ఎరగను. అన్నీ ఆయనే చూసుకునేవాడు. నాకు కంప్యూటరంటే బద్ధకం, ఆయనంటే నమ్మకం. నాలాంటి తెలివితక్కువదాన్ని ఎక్కడా చూసి ఉండరు.

మామూలు టోర్నమెంటయితే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఇది సీజన్‌లో ఆఖరిది. ర్యాంకుల్లో మొదటి అరవైమందికే వచ్చే ఏడాది ఆడే కార్డు ఉంటుంది. నేను అరవై మూడు. ముప్పై నాలుగేళ్ళు వచ్చాక కార్డు పోతే, మళ్ళీ కిందినుంచి పిల్లలతో పోటీపడి రావాలి. రాలేను. ఈ ఆట లేకపోతే ఇక నా ఆటే లేదు.

రిఫరీ మంచిదే. “రూలు ఒప్పుకోదండీ,” అంది. “ఒకసారి ఇంకొకరిని ఎక్కించాక నేను తీయలేను. ఫిర్యాదు ఇవ్వండి, విచారణ చేస్తారు, కానీ అది టోర్నమెంటు అయ్యాకే. తన టైము లోపల ఆ అమ్మాయే తప్పుకుంటానంటే మాత్రం మిమ్మల్ని వెంటనే ఎక్కిస్తాను.”

తొమ్మిదీ పది దాకా ఇంకా గంటన్నర ఉంది. ప్రాక్టీస్ గ్రీన్ దగ్గరికి దాదాపు పరుగెత్తాను. మావయ్య ఒక్కడే ఉన్నాడు, గడ్డి మీద బంతులు వరసగా పేరుస్తూ. నన్ను చూసి చప్పున బంతుల మీదికి వంగాడు.

“నేను తప్పుకున్నానట మావయ్యా. నాకు తెలియదు. నీకేమైనా తెలుసా?”

“చెయ్యి బాగోలేదన్నావు కదమ్మా.”

“అది మూడు వారాల కిందటి మాట. నిన్న నేను రెండొందల బంతులు కొట్టాను. పక్కన నిలబడి చూసింది నువ్వే.”

ఆయన ఇంకో బంతి పెట్టాడు. “చూశాను. బాగా కొట్టావు. నువ్వు కార్డు నిలబెట్టుకుంటావు, ఇంకో రెండేళ్ళు ఆడతావు. ఆ తర్వాత? దానికి ఇరవై ఏళ్ళు. ఇక్కడ ఒక్కసారి ఆడితే పదిమంది కళ్ళల్లో పడుతుంది.”

“నన్ను ఒక్క మాట అడగచ్చు కదా.”

“అడిగితే ఇస్తావా?”

ఇవ్వనని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఒళ్ళు మండిపోయింది. “దొంగతనం చేసి పైగా లెక్చరా?” అన్నాను. ఆట నేర్పుతూ ఈ మనిషి పెట్టే చీవాట్ల కోసం నా స్నేహాలు వదులుకున్నాను, పెళ్ళి మాట వాయిదా వేసుకుంటూ వచ్చాను. ఇన్నేళ్ళూ నేను ఆయనకి సొంత బిడ్డనని అనుకున్నాను. సొంత బిడ్డ వేరే ఉందని ఆ పూట తెలిసొచ్చింది.

ఇంతలో పిడుగు డ్రెస్సింగ్ రూంలోంచి వచ్చింది. వస్తూనే నన్ను గట్టిగా వాటేసుకుంది. దాని కళ్ళల్లో నీళ్ళు. “వదినా, నాన్న రాత్రే చెప్పాడు. నా కోసం నువ్వే తప్పుకున్నావట. నేనయితే ఎవరికీ అంత పని చేయలేను వదినా.”

నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్లకి ఏమీ తెలియదు. తల ఎత్తకుండా బంతి మీదే చూపు ఎలా నిలపాలో దానికి నేర్పింది నేనే. నా పాత బూట్లు వేసుకుని పెరిగిన పిల్ల. భుజాలు పట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. “నేను తప్పుకోలేదే. నాకు తెలియకుండా మీ నాన్న తీసేశాడు. నువ్వు రిఫరీతో ఒక్క మాట చెబితే చాలు, నన్ను ఎక్కిస్తారు. నా కార్డు పోతుందే.”

అది వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన కాదనలేదు. అది కళ్ళు తుడుచుకుంది. సరేనంటుందనే నేను అనుకున్నాను.

“నీకు పదమూడేళ్ళు దొరికాయి వదినా,” అంది నెమ్మదిగా. తర్వాత నా వైపు చూడలేదు. “నాన్నా, బ్యాగు తీసుకో, టైమవుతోంది.”

మావయ్య చేసినదానికి నాకు కోపమొచ్చింది. దీనికి మాత్రం ఏడుపొచ్చింది. అక్కడే బంతుల మధ్య కూలబడి ఏడ్చాను, సిగ్గు కూడా పడలేదు.

తొమ్మిదీ పదికి మొదటి టీ దగ్గర, అంటే ఆటలో మొదటి బంతి కొట్టే చోట, తాడుకి ఇవతల, టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళ మధ్య నిలబడ్డాను. మైకు పట్టుకున్నాయన పిడుగు పేరు చదివాడు. “గాయం కారణంగా తప్పుకున్న సీనియర్ క్రీడాకారిణి స్థానంలో ఆడుతున్నారు. ఆవిడ త్వరగా కోలుకోవాలని కోరుకుందాం,” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మావయ్య కూడా, బ్యాగు భుజానికి సర్దుకుని, కొట్టాడు.

“పాపం, ఎవరండీ ఆవిడ?” అని నా పక్కన నిలబడ్డ పెద్దావిడ అడిగింది.

“నేనే. నాకేమీ కాలేదండీ. నేను తప్పుకోలేదు, వాళ్ళు నన్ను...”

టీ దగ్గరున్న మనిషి ‘నిశ్శబ్దం’ అని రాసిన అట్ట పైకెత్తాడు. పిడుగు బంతి మీదికి వంగింది. ఎదుటివాళ్ళు కొట్టబోతుంటే మాట్లాడకూడదు. నా జీవితమంతటి అలవాటు, నోరు దానంతటదే మూతబడింది. అది బంతి కొట్టేదాకా నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.