రాయి మీద ఏ సీజన్

నేను సమాధిరాళ్ళు చెక్కేవాణ్ణి. మా నాన్నదీ ఇదే పని. ఈ వృత్తిలో ఒక్కటే సుఖం, ఎవరి కోసం చెక్కుతామో వాళ్ళు లేచివచ్చి వంకలు పెట్టరు. ఆ ఒక్క సుఖమూ నాకు దక్కనివ్వని మనిషి మా కెసెల్ ఫాల్స్‌లో ఉన్నాడు, ఆర్విల్ క్రూగర్. గుండ్రాయిలా ఉన్నాడు, ఏ రోగమూ లేదు. అయినా తనకూ భార్య వెర్నాకూ కలిపి ఒకే రాయి ముందుగానే చేయించుకుంటున్నాడు. మా విస్కాన్సిన్‌లో అదేం వింత కాదు. పేరూ పుట్టిన సంవత్సరమూ చెక్కించి, రెండో సంవత్సరానికి చోటు వదిలి, ఆదివారం ప్రార్థన అయ్యాక వెళ్ళి తమ రాయిని తామే చూసుకొని వచ్చేవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు.

వింతల్లా ఆర్విల్ కోరిక. పేర్ల కింద రెక్కలు చాచిన కొంగ ఉండాలి, కొంగ కింద ఒక సంవత్సరం ఉండాలి. అది పుట్టిందీ కాదు, పోయేదీ కాదు. గ్రే హెరన్స్ జట్టు అన్నిటికంటే గొప్పగా రాణించిన సంవత్సరం. కొంగ చెక్కడం అయిపోయింది. ఎవరూ మెచ్చుకోలేదు గనక నేనే చెబుతున్నాను, బ్రహ్మాండంగా వచ్చింది. ఆర్విల్ చెప్పిన ఏడుకి జట్టులోని పాతవాళ్ళు ఒప్పుకోక, సంవత్సరం దగ్గర వారాలుగా పని ఆగిపోయింది.

గ్రే హెరన్స్, అంటే బూడిదరంగు కొంగలు, మా ఊరి డ్రమ్ అండ్ బ్యూగిల్ కోర్. డ్రమ్ములు, బ్యూగిళ్ళనే ఇత్తడి బాకాలు, జెండాలు పట్టుకొని, ఫుట్‌బాల్ మైదానం నిండా బారులు తీరి, వాయిస్తూ నడిచే జట్టు. వేసవి వస్తే చాలు, డెయిరీలో పనిచేసేవాళ్ళూ దాణా మిల్లువాళ్ళూ యూనిఫాం తొడుక్కొని, బస్సెక్కి ఊరూరా పోటీలకు పోయేవాళ్ళు. జట్టు మూతబడి ఒక తరం గడిచింది. జ్వరం మాత్రం దిగలేదు. ఇప్పటికీ బింగోలో డెబ్బై నాలుగు అని పిలిస్తే, మేం కప్పు గెలిచిన ఏడని సగం హాలు లేచి చప్పట్లు కొడుతుంది, అసలు ఆ అంకె ఎవరి అట్టమీద ఉందో ఎవరూ చూడరు. డెబ్బై ఎనిమిది సీజనే గొప్పదనే పాత డ్రమ్మువాడు గోర్డీకి ఇది కడుపుమంట. బింగో అంకెలు డెబ్బై అయిదుతో ఆగిపోవడం తనమీద జరిగిన కుట్ర అని అతని నమ్మకం.

ఆ శుక్రవారం ఎటో ఒకటి తేల్చుకుందామని మార్జ్ బారుకి వెళ్ళాను. శుక్రవారం చేపల వేపుడు రోజు గనక అందరూ అక్కడే ఉంటారు. ఆర్విల్, అతని పక్కన వెర్నా, ఎదురుగా గోర్డీ, క్లీటస్. ఆర్విల్, క్లీటస్ బ్యూగిల్ వాయించేవాళ్ళు, గోర్డీ డ్రమ్ము.

"ఇందులో అడగడానికేముంది ఎమిల్? డెబ్బై నాలుగు," అన్నాడు ఆర్విల్. "రాష్ట్రం మొత్తానికి ఫస్టు."

"ఆ ఏడు గట్టివాళ్ళ బస్సు దారిలో చెడిపోయి, వాళ్ళు రానే లేదురా," అన్నాడు గోర్డీ. "ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం. డెబ్బై ఎనిమిదే అసలు సీజను. డ్రమ్ములకి ఒక్క టిక్కు పడలేదు."

ఆ రోజుల్లో జడ్జీలు అట్టా పెన్సిలూ పట్టుకొని, వాయించేవాళ్ళ మధ్యలోనే తిరిగేవాళ్ళు. వంద మార్కులతో మొదలు. ఎవడి చెయ్యి తడబడినా, ఎవడి అడుగు తప్పినా అట్టమీద ఒక టిక్కు, దాంతో మార్కులో పదోవంతు హుష్‌కాకి.

"టిక్కెలా పడుతుంది? ఆ జడ్జీకి చెముడు," అన్నాడు క్లీటస్.

"చెముడైతే మీ బ్యూగిళ్ళకి అన్ని టిక్కులెలా వేశాడు?"

"మేం వాయిస్తే చెవిటివాడిక్కూడా వినబడుద్ది కాబట్టి."

గోర్డీకి రోషం వచ్చింది. రెండు ఫోర్కులు తీసుకొని డెబ్బై ఎనిమిది మొదటి పాట బల్లమీద వాయించడం మొదలెట్టాడు. ఆర్విల్ పిడికిలి నోటికి పెట్టుకొని డెబ్బై నాలుగు ఎత్తుకున్నాడు. రెండు సీజన్లూ ఒకే బల్లమీద ఢీకొన్నాయి. ఒక చేపముక్క ఎగిరి క్లీటస్ బ్రాందీలో పడింది. అతను దాన్ని వేలితో తీసి, తిని, బ్రాందీ తాగేశాడు.

"సాసు గోడకి తగిలిందంటే మీ చేతే తుడిపిస్తా," అంది మార్జ్ లోపలి నుంచి.

నాకు ఒళ్ళు మండింది. "అయ్యా, రాయి మీద చెక్కాక చెరపడానికి రబ్బరుండదు. మీరు తేల్చకపోతే కొంగ కింద 'ఇంకా తేలలేదు' అని చెక్కేస్తాను," అన్నాను.

"డెబ్బై నాలుగు చెక్కవయ్యా. రాయి నాది," అన్నాడు ఆర్విల్.

అంతవరకూ క్యాబేజీ కూర కలుపుకుంటూ కూర్చున్న వెర్నా చెంచా కింద పెట్టింది. "సగం నాది. ఆ అంకె కింద నేను కూడా పడుకోవాలి, అదీ శాశ్వతంగా. ఇన్ని వారాల్నుంచి కొట్టుకుంటున్నారే, నన్నొక్కడైనా అడిగాడా?"

ఇక్కడే ఆర్విల్ నోరు జారాడు. "నిన్నడగడమేంటి వెర్నా? నువ్వేమైనా వాయించావా?"

క్లీటస్ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. అనుభవం ఉన్నవాడు, రెండు పెళ్ళిళ్ళు చేసుకున్నాడు.

"వాయించలేదు. చూశాను," అంది వెర్నా. గొంతు పెంచలేదు, అందుకే భయం వేసింది. "ప్రతి సీజనూ, ప్రతి పోటీ, గ్యాలరీలో పై వరసలో కూర్చుని చూశాను. మరి నువ్వు డెబ్బై నాలుగులో ఏం చూశావో చెప్పు."

"అంతా చూశాను. మైదానం మధ్యలో ఉన్నా కదా."

"అదే, ఏం కనబడిందీ అని."

ఆర్విల్ ఆలోచించాడు. అబద్ధం చెబుదామని కూడా చూశాడు, మొహంలో తెలిసింది. బారుల్లో నడిచేటప్పుడు కళ్ళు ముందుకే ఉండాలి, తల తిప్పితే టిక్కు. చివరికి ఒప్పుకున్నాడు. "క్లీటస్ మెడ."

"ఇంకా?"

"మెడమీద సెగ్గడ్డ."

"అది ఆగస్టుకల్లా తగ్గిపోయింది," అన్నాడు క్లీటస్, మెడ తడుముకుంటూ.

"గోర్డీ, నీ డెబ్బై ఎనిమిదిలో?"

"జడ్జీ బూట్లు," అన్నాడు గోర్డీ. "గోధుమరంగువి. ఒక లేసు ఊడిపోయి ఉంది."

"చూశారా," అంది వెర్నా. "ఒకడు సెగ్గడ్డ చూశాడు, ఒకడు బూటు లేసు చూశాడు. ఏది గొప్ప సీజనో వీళ్ళు తేలుస్తారట. ఆఖరి పాటలో మీరు రెండు పక్కలకీ విడిపోయేవాళ్ళే, అప్పుడు పైనించి ఎలా ఉండేదో తెలుసా? రెక్కలు. జెండాలు రెక్కల చివరలు. డ్రమ్ములు ముందుకొచ్చేవి, అది మెడ. మైదానం మీంచి కొంగ లేస్తున్నట్టు ఉండేది."

గోర్డీ ఫోర్కు పట్టుకొని అలాగే ఉండిపోయాడు. "మేం కొంగమెడా?" అన్నాడు. "మాకు గీత దాకా వచ్చి ఆగమన్నారంతే."

గోర్డీ, క్లీటస్, గడ్డం నెరిసిన మనుషులిద్దరూ కథ వింటున్న పిల్లల్లా కూర్చున్నారు. ఆర్విల్ ఒక్కడే పళ్ళెంలోకి చూస్తున్నాడు.

నేను కాగితం, పెన్సిల్ తీశాను. "అయితే అన్నీ చూసినవాళ్ళు మీరే గదమ్మా. మీరే చెప్పండి. ఏ ఏడు?"

"డెబ్బై ఆరు."

బారులో పక్క బల్లలవాళ్ళు కూడా ఇటు తిరిగారు. క్లీటస్ నవ్వాపుకోలేక దగ్గాడు. దేశానికి స్వాతంత్ర్యమొచ్చి రెండొందల ఏళ్ళు నిండాయని ఆ ఏడు జట్టుకి కొత్త ఎర్ర నడికట్లు కుట్టించారు. మొదటి పోటీలోనే వాన పడింది. ఎర్రరంగు కారి తెల్ల ప్యాంట్లన్నీ గులాబీరంగుకి తిరిగాయి. ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. సీజనంతా గ్యాలరీలో జనం గులాబీ పక్షులు, ఫ్లెమింగోలొచ్చాయని అరిచేవాళ్ళట.

"వెర్నా, ఆ ఏడు మనం ఆఖరు," అన్నాడు గోర్డీ. "ఆఖరికి ముందు కూడా కాదు. ఆఖరే."

"పైగా ఆ ఏడు నేను లేనే లేను," అన్నాడు ఆర్విల్.

"అవును. అందుకే," అంది వెర్నా.

గోర్డీ పగలబడి నవ్వాడు. "విన్నావా? నువ్వు లేకపోబట్టే బాగుందట."

ఆర్విల్ ఎందుకు లేడో ఊరందరికీ తెలుసు. ఆ వసంతంలో కొత్తవాళ్ళకి వెనక్కి చూడకుండా వెనక్కి నడవడం నేర్పుతున్నాడు. భయపడకండి, కాలికే తెలుస్తుంది అని చెబుతూ చెబుతూ దాణా మిల్లు అరుగు మీంచి వెల్లకిలా పడ్డాడు. పాదం విరిగింది. వేసవంతా పిండికట్టుతో ఉన్నాడు.

"మిగతా ఏళ్ళన్నీ నా పక్కన ఎవరు కూర్చున్నారో తెలుసా ఆర్విల్? నీ కోటు," అంది వెర్నా. "నువ్వు యూనిఫాం వేసుకొని పోతూ నా చేతిలో పెట్టేవాడివి. ఎవరూ కూర్చోకుండా పక్క చోటులో పరిచేదాన్ని. నేను కోటుతో కలిసి చూశాను నీ డెబ్బై నాలుగు. కప్పు తీసుకున్నప్పుడు నేను లేచి అరిచి పక్కకి తిరిగితే, కోటు. డెబ్బై ఆరు ఒక్క ఏడే నువ్వు కూర్చున్నావు. ప్రతి జడ్జీనీ పేరుపెట్టి తిట్టావు. నా వంతు చేపలు తిన్నావు. నీ కట్టు కాలు చాపుకోడానికని నడవ వైపు చోటు తీసుకుని, వచ్చిపోయేవాళ్ళందరి చేతా తొక్కించుకున్నావు. అంత సంతోషంగా ఏ వేసవీ గడవలేదు నాకు."

ఆర్విల్ పళ్ళెం పక్కకి జరిపాడు. తర్వాత మమ్మల్ని కాదు, ఆమెనే చూస్తూ అన్నాడు. "మొదటి పోటీలో ఆఖరి పాటకి నేను ఏడ్చాను. నీకు కనబడలేదనుకున్నా."

"కనబడింది. కాలు నొప్పేమోలే అని ఊరుకున్నా."

"మనవాళ్ళు అలా ఉంటారని నాకెవరు చెప్పారు? గులాబీ కొంగ లేచింది వెర్నా. వానలో." అతను కాగితం రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను కూడా. నేనేం రాయిని కాను, రాయి చెక్కేవాణ్ణి మాత్రమే.

"చెక్కవయ్యా, డెబ్బై ఆరు," అన్నాడు నాతో.

"ఒరేయ్, ఆఖరొచ్చిన ఏడు రాయి మీద వేయించుకుంటావట్రా? చూసినవాళ్ళు నవ్వరూ?" అన్నాడు గోర్డీ.

"నవ్వనీ. నువ్వు బూటు లేసు చూశావు. నేను కొంగని చూశా."

నేను కాగితం మడుస్తుంటే వెర్నా నా చెయ్యి పట్టుకొని ఆపింది. "ఎమిల్, రాయి మీద, సమాధుల మధ్య బాట వైపు ఎవరి పేరు వస్తుంది?"

"మీదేనమ్మా."

"మార్చెయ్యి. నడవ వైపు ఆయనుండాలి. కాలు చాపుకుంటాడు."

పేర్లింకా చెక్కలేదు గనక బతికిపోయాను. చెక్కి ఉంటే కొంగతో సహా కొత్త రాయి చెక్కాల్సి వచ్చేది.

రాయి నిలబెట్టిన రోజు అందరూ వచ్చారు. వెర్నా అప్పట్లో గ్యాలరీలో వేసుకున్న మెత్తలు తెచ్చి ఎదురుగా ఉన్న కూర్చునే బల్లమీద వేసింది. గోర్డీ అట్టా పెన్సిలూ పట్టుకొని వచ్చాడు. రాయి చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి, ఒక కన్ను మూసి చూశాడు. "ఆరు కొంచెం ఎడమకి వాలింది. టిక్కు," అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఆర్విల్ లేచాడు. "కళ్ళద్దాలు అమ్ముకున్నావట్రా గోర్డీ? వాలింది నీ తల. ఇలాంటి జడ్జీలుండబట్టే మనం ఆఖరొచ్చాం." పక్క సమాధులకి పూలు పెట్టుకుంటున్నవాళ్ళు తలెత్తి చూశారు.

వెర్నా అతని చొక్కా చెయ్యి పట్టుకొని కిందికి లాగింది. "చాలు, కూర్చో."

అతను కూర్చున్నాడు, బాట వైపు, కాలు చాపుకొని.