ముత్యాలమ్మ నైవేద్యం

మా ఇంట్లో అన్నప్రాశన అంటే అందరి గుండెల్లో రాయి పడుతుంది. పాలు తాగినన్నాళ్లూ బొద్దుగా ఉన్న పిల్లలు అన్నం ముట్టాక వాడిపోతారు. మా అత్తయ్య వెంకాయమ్మ అలాగే ఇద్దరిని పోగొట్టుకుంది. ఆవిడ మా నాన్నకి అక్క, నాది మేనరికం. నాగాయలంకలో చేపల వేట మీద బతికే ఇళ్లలో అదేమీ వింత కాదు.

పిల్లల్ని తీసుకెళ్లేది ముత్యాలమ్మ అని మావాళ్ల నమ్మకం. మావయ్యకి చెల్లెలు, చిన్నప్పుడే పోయింది. ఆడుకోవడానికి తోడు లేక పిలుచుకుంటుందట. అందుకే దేవుడి గూట్లో ఉన్న ఆమె గౌను ముందు బెల్లం పరమాన్నం పెట్టి, ఆ ప్రసాదమే బిడ్డకి మొదటి ముద్దగా తినిపిస్తారు. బిడ్డకి ఒంట్లో బాగాలేకపోతే ఆమె పేరున పానకం పడతారు.

నేను డిగ్రీ చదివాను. ఏం లాభం? మావాడు నాగవంశీ పరమాన్నం కక్కుకుని, చెమటలు పట్టి తల వాల్చేసేసరికి నా చదువు కాస్తా అటకెక్కింది. అత్తయ్య పానకం పడుతుంటే వాకిట్లో చిన్నపిల్ల గజ్జెల చప్పుడు నాకూ వినిపించింది.

బందరు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తే వాడు తేరుకున్నాడు. గండం గడిచిందని ఇంటికొచ్చి మళ్లీ నైవేద్యం పెట్టాం. మళ్లీ అదే కథ. ఈసారి వాడి కళ్లు పచ్చబడ్డాయి. డాక్టర్ హన్నా గారు "బాబుకేం పెట్టారమ్మా?" అని గుచ్చి గుచ్చి అడిగి, వాడి రక్తం తీసి పరీక్షకి హైదరాబాదు పంపించారు.

రిపోర్టు వచ్చాక మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. "ఈ రకం తీపిని అరిగించుకునే శక్తి బాబుకి పుట్టుకతోనే లేదండీ. ఆ లోపం మీ ఇద్దరి రక్తంలోనూ దాగుంది, బాబుకి రెండు వైపులా వచ్చింది. అన్నం, పాలు, చేపలు నిక్షేపంగా పెట్టండి. బెల్లం, పంచదార, తేనె, పళ్లు మాత్రం వాడికి విషం. అవి తగలకపోతే హాయిగా పెరుగుతాడు."

బస్సులో మా ఆయన సాయిబాబు నా చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మకి చెప్పకే తేజా. తట్టుకోలేదు. తన పిల్లల్ని ముత్యాలత్తే తీసుకెళ్లిందనుకోనీ."

నాకూ అదే న్యాయమనిపించింది. కానీ ముత్యాలమ్మే అనుకున్నంత కాలం అత్తయ్య పానకం మానదు. నేను చేపలమ్మడానికి వెళ్లినప్పుడు వాడు తుమ్మితే చాలు, గ్లాసు పట్టుకుని కూర్చుంటుంది. ఆవిడ మనశ్శాంతి కావాలో నా కొడుకు కావాలో తేల్చుకోవలసి వచ్చింది. వంటింట్లోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

అత్తయ్య చేతిలో గరిటె కింద పెట్టింది. "అయితే నా పిల్లలూ?" అంది.

"వాళ్లకీ ఇదే అయ్యుంటది అత్తయ్యా."

"ముత్యాలుకి బెల్లం చూస్తే డోకొచ్చేదే. మొండిపిల్లని ముక్కు మూసి మింగించేవాళ్లు."

ఆవిడ గోడకి చేరగిలబడి, పక్కగదిలో నిద్రపోతున్న నా కొడుకు వైపు చూసింది.

"పిల్లలకి బాగోనప్పుడల్లా ముత్యాలు కల్లోకొచ్చేది తేజా. మంచం పక్కన నిలబడి తల అడ్డంగా ఊపేది. చాల్లేదంటందనుకుని ఇంకో చెంచా పోసేదాన్ని."