మంగళవారం బస్సెక్కే కృపమణి

ఎర్రగుంట్ల హైస్కూలు గ్రౌండులో పొద్దున ఐదున్నరకే నడక మొదలుపెట్టేవాళ్లలో అందరికంటే ముందుండేది కృపమణి. మిగతా ఆడవాళ్లు మాట్లాడుకుంటూ రెండు చుట్లు తిరిగేసరికి ఆమెవి నాలుగయ్యేవి. ఆరున్నరకు ఇంటికొచ్చి, వాకిట్లో మొక్కల మీద పడిన సిమెంటు దుమ్ము కడిగి, బొరుగులతో ఉగ్గాని చేసి భర్త హెన్రీ ముందు పెట్టి, తను పొయ్యి దగ్గర నిలబడే రెండు పిడికిళ్లు తినేది. ఎనిమిదికి పెన్షనర్ల సంఘం ఆఫీసులో వచ్చినవాళ్లకు బీపీ చూసేది. పదికి ఎవరినో ఒకరిని తోడుకొని ప్రొద్దుటూరు ఆసుపత్రికి పోయేది. సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసు. గురువారమైతే స్త్రీల సమాజం ప్రార్థన. ఇవి కాక పెళ్లిళ్లు, నిశ్చితార్థాలు, చావులు.

ముప్పై నాలుగేళ్లు ఊళ్లమ్మట తిరిగి సూదులేసిన ఏఎన్ఎం ఆమె. రిటైరై మూడేళ్లయింది. ఆ రోజు శాలువా కప్పి, "ఇంకనన్నా రెస్టు తీసుకో నర్సమ్మా" అన్నవాళ్లే మర్నాటి నుంచి పిలవడం మొదలుపెట్టారు. ఆమె ఎవరికీ రానని చెప్పలేదు.

రిటైరైన రెండో నెలలో ఆమె ఇద్దరైంది.

ఆ శనివారం పదకొండింటికి ప్రొద్దుటూరులో ఒక నిశ్చితార్థం, పదకొండింటికే సంఘం మీటింగు. రెండింటికీ వస్తానని మాటిచ్చింది. రెండింటికీ పోయింది. సాయంత్రం హెన్రీ వాకిట్లో పేపరు చదువుతూ తలెత్తి చూస్తే, బస్టాండు వైపు నుంచి ఒక కృపమణి, సంఘం ఆఫీసు వైపు నుంచి ఒక కృపమణి వస్తున్నారు. ఇద్దరిదీ అదే పచ్చంచు చీర. గేటు దాటి లోపలికొచ్చింది మాత్రం ఒక్కతే. రెండు చోట్ల తిన్నది ఆమె కడుపులో ఉంది. రెండు చోట్ల విన్న మాటలు తలలో ఉన్నాయి. మోకాళ్ల నొప్పి కూడా రెండింతలుంది.

"అయితే రాత్రికి బువ్వ వద్దు గదా నీకు?" అన్నాడు హెన్రీ.

ఊళ్లోవాళ్లకు అది అలవాటైపోవడానికి వారం కూడా పట్టలేదు. సంఘం కార్యదర్శి రామాంజి ఫోను చేస్తే, "అక్కా, రేపు కంటి శిబిరానికి నువ్వు రా. తీరకపోతే ఇంకొకతెనన్నా పంపు" అనేవాడు. పాటల ప్రాక్టీసులో ఒక కుర్చీ, పక్క వీధి చావింట్లో ఒక చాప ఆమె కోసం ఒకేసారి వేసి ఉండేవి. పెన్షనుకు బతికున్నట్టు వేలిముద్ర వేసే రోజు మాత్రం ఒకతెనే పోయి వేసొచ్చేది.

ఇద్దరైనా ఆమెకు కుదురు రాలేదు. ఏ పనీ లేని అరగంట దొరికితే తోమిన గిన్నెలే మళ్లీ తోమేది. ఫోను మోగకపోతే తీసి చూసుకునేది.

"రవంతసేపు కూచో మణీ" అనేవాడు హెన్రీ.

"కూచుంటే ఏమొస్తాదండీ?"

"ఏమీ రాదు. కూచుంటావు, అంతే."

ఆ మాటకు ఆమె కొంగు బిగించి, ఎదురింటి ముసలామె చక్కెర మందు వేసుకుందో లేదో చూడ్డానికి పోయేది.

సెప్టెంబరులో వానలు పడ్డాక ఒక మంగళవారం కొత్త సంగతి జరిగింది. ఆ రోజు ఆమె ప్రొద్దుటూరు ఆసుపత్రికి పోయి సాయంత్రం ఇంటికొచ్చింది. గేటు దాటగానే ఇద్దరి అలసట ఒంట్లోకి వచ్చింది గానీ, జ్ఞాపకం ఒకరిదే ఉంది. ఇంకొకతె ఎక్కడికి పోయిందో, ఏం చేసిందో ఎంత ఆలోచించినా తలకు తట్టలేదు. నడుము మాత్రం ఐదారు గంటలు బస్సులో కూర్చున్నట్టు పట్టేసింది. చేతులు వాసన చూసుకుంటే స్పిరిట్టు వాసన. ఆ రోజు ఆమె ఎవరికీ కట్టు కట్టలేదు. చెప్పుల వార్లకు ఎర్రమట్టి అంటుకొని ఉంది. ఎర్రగుంట్ల వీధుల్లో తెల్లదుమ్మే తప్ప ఎర్రమట్టి లేదు.

తరువాతి మంగళవారమూ అంతే. ఈసారి పర్సులో రెండు బస్సు టికెట్లు దొరికాయి. ఒకటి ప్రొద్దుటూరుది. రెండోదాని మీద బద్వేలు అని ఉంది. ఆ పేరు చదివిన క్షణమే టికెట్టును ఉండచుట్టి బయట పారేసింది.

బద్వేలులో ఆమె అన్న దావీదురాజు ఉన్నాడు. ఆ గడప తొక్కి పదకొండేళ్లయింది.

అప్పుడు వాళ్ల అమ్మ అన్న దగ్గర ఉండేది. ఒక జనవరి ఆదివారం తెల్లారుజామున అన్న ఫోను చేసి, "అమ్మకు బాగలేదు, బిరీన రా" అన్నాడు. ఆ రోజు పోలియో చుక్కలు. తరువాత రెండు రోజులు ఇల్లిల్లూ తిరగాలి. లీవు ఇవ్వరని చెప్పి, మంగళవారం పనంతా ముగించుకొని బయలుదేరింది. ఆమె బస్సు మైదుకూరులో ఉండగానే అమ్మ పోయింది. సమాధుల దగ్గర అందరి ముందూ అన్న అన్నాడు: "మండలంలో పిల్లోళ్లందరి నోట్లో చుక్కలేసినావు. అమ్మ నీ పేరు పిలిచి పిలిచి పాయ. ఆమె నోట్లో ఒక నీళ్ల చుక్క పోయడానికి నీకు తీరలేదు."

ఆమె మట్టి వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి బస్సెక్కింది. తరువాత వదిన చనిపోయినప్పుడు కూడా హెన్రీ ఒక్కడే పోయివచ్చాడు.

మూడో మంగళవారం సాయంత్రం చేతులకు మళ్లీ స్పిరిట్టు వాసన వచ్చేసరికి ఆమె భర్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"నేను మంగళవారం యాడికి పోతాండానో మీకు తెలుసు."

"పోతాండేది నువ్వు. నన్ను అడుగుతావేం?"

"తెలుసా, తెలీదా?"

హెన్రీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తెలుసు. ఆమె నాకు చెప్పే పోతాంది. నీకు చెప్తే ఆమెను ఆపుతావు. అందుకే చెప్పలే."

"ఎవురినడిగి పోతాంది ఆమె?"

"నువ్వు కదా మణీ" అన్నాడతను.

నాలుగో మంగళవారానికి ఆమె ఏ పనీ పెట్టుకోలేదు. జ్వరంగా ఉందని అందరికీ చెప్పింది. రెండు చోట్లకు పోవలసిన పనే లేకపోతే ఇద్దరయ్యే పని కూడా ఉండదని ఆమె లెక్క. పొద్దున పుల్లగూర ఎనిపి, కొర్రబువ్వ వండి, వచ్చి కుర్చీలో కూర్చుంది. రెండు చేతులతో కుర్చీ చేతులను పట్టుకుంది. ఏడున్నర దాకా అలాగే ఉంది.

ఏడున్నరకు గేటు చప్పుడైంది.

లేచి చూస్తే, తన చీరే కట్టుకున్న ఒక మనిషి చేతిలో క్యారియరుతో బస్టాండు వైపు పోతోంది. కృపమణి తన వీపును తను చూడడం అదే మొదటిసారి. కుడి భుజం కొంచెం కిందికి వాలి ఉంది. ముప్పై నాలుగేళ్లు మందుల పెట్టె మోసిన భుజం. ఆ నడక చూస్తే ఎవరో ముసలామె అనుకునేదే.

చెప్పులేసుకొని వెంటపడింది.

ప్రొద్దుటూరులో బస్సు మారి, ముందున్నామె డ్రైవరు వెనక సీటులో కూర్చుంది. కృపమణి నాలుగు వరసల వెనక కూర్చుంది. కండక్టరమ్మ దగ్గరికొస్తే పర్సు తెరవబోయింది.

"మీకు గూడా ఆమె తీసుకునేసిందిలే పెద్దమ్మా" అని టికెట్టు చేతిలో పెట్టి ముందుకు పోయింది కండక్టరమ్మ.

బస్సు మైదుకూరు దాటింది. దిగిపోదామని కృపమణి రెండుసార్లు లేచింది, రెండుసార్లు కూర్చుంది. పక్కనున్న రైతు, "ఏమ్మా, వాంతికొస్తాందా? కిటికీ దగ్గరికి రా" అని చోటిచ్చాడు. బయట చేలు తడిసి ఎర్రగా ఉన్నాయి. ముందు సీటులో ఉన్నామె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

బద్వేలులో చర్చి వెనక వీధిలో అన్న ఇల్లు. ముందున్నామె తలుపు తట్టకుండా లోపలికి పోయింది. కృపమణి ఎదురింటి గోడ నీడలో ఆగిపోయింది. లోపల క్యారియరు గిన్నెలు విప్పుతున్న చప్పుడు. తరువాత తన గొంతే: "కాలు ఇట్ల పెట్టన్నా." ఆ గొంతులో తడబాటు లేదు. ఎన్నాళ్లుగానో వచ్చిపోతున్న మనిషి గొంతులా ఉంది.

అన్న కోడలు ప్రేమజ్యోతి నీళ్లు పారబోయడానికి బయటికొచ్చి ఆమెను చూసింది.

"అత్తా, లోపల ఉండావు, బయట గూడా ఉండావా? ఆడ నిలబడొద్దు, రా."

"ఏమైంది మీ మామకు?"

ప్రేమజ్యోతి బకెట్టు కింద పెట్టింది. "చక్కెర జబ్బు గదా. కాలికి పుండు పడినాది. రెండు వేళ్లు తీసేసినారు. కడపలో డాక్టరు కట్టు సరిగ్గా కట్టకపోతే మోకాలి దాకా తీసేయాల్సొస్తాదనె. మామ కట్టు కట్టనీలే అత్తా. నన్ను తిట్టె, కట్టు కట్టే ఆయన్ను గూడా తిట్టి పంపిచ్చె. పోతే పోనీలే అని గోడ తట్టు తిరుక్కోని పండుకునె. నువ్వొచ్చినంకనే కాలు చాపినాడు. నిన్న డాక్టరు చూసి, పుండు మానుతాంది, ఇంక తీసే పని లేదన్నాడు."

"వారానికి ఒకసారి కడితే మానుతుందా పుండు?"

"నువ్వే గదా నాకు నేర్పిస్తివి? నడమ దినాల్లో నేను కడతాండా." ప్రేమజ్యోతి ఆమె చెయ్యి పట్టుకుంది. "రా అత్తా. పుండును నువ్వు గూడా చూస్తువుగానీ."

పదకొండేళ్ల తరువాత కృపమణి ఆ గడప లోపలికి అడుగుపెట్టింది.

లోపల మంచం మీద దావీదురాజు ఒక్కడే ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. మనిషి సగమయ్యాడు. మంచం ముందు ముక్కాలిపీట ఖాళీగా ఉంది. సగం చుట్టిన గుడ్డ చుట్ట అతని పాదం నుంచి జారి నేల మీద పడి ఉంది. ఇంకొకతె లేదు. గుమ్మం దగ్గరే నాలుగు మంగళవారాలూ ఒక్కసారిగా ఆమెలోకి వచ్చాయి. మొదటి వారం అన్న ముఖం తిప్పుకోవడం. పుండు వాసన. "నువ్వెందుకొచ్చినావు?" అని అతను అడగడం. బదులు చెప్పకుండా తను వేడినీళ్లు తెమ్మనడం. రెండో వారం అతనే కాలు ముందుకు చాపడం. మూడో వారం ఆమె తెచ్చిన బువ్వ తిని, "ఉప్పు తక్కువైనాది" అనడం. కట్టు గురించి, ఉప్పు గురించి, మాత్రల గురించి మాట్లాడుకున్నారు. అమ్మ గురించి ఒక్క మాట కూడా ఎవరూ ఎత్తలేదు.

"ఏమ్మే, కడతా కడతా నడిమధ్యలో యాడికి పోతివి?" అన్నాడు దావీదురాజు.

"యాడికీ పోలేదన్నా."

ఆమె పీట మీద కూర్చుంది. గుడ్డకు మట్టి అంటడంతో దాన్ని పక్కన పడేసి, కొత్త చుట్ట తీసి మొదటి నుంచి కట్టింది. పుండు అంచులు లేత ఎరుపుకు తిరిగి ఉన్నాయి. ఎన్ని వేల కట్లు కట్టిందో ఆ చేతులు. ఇప్పుడు మాత్రం ముడి పడడం లేదు. రెండుసార్లు జారిపోయింది.

"అన్నా, ఆ పొద్దు లీవియ్యరని చెప్తి గదా నీకు."

ఆమె జారిన గుడ్డ కొసను మళ్లీ అందుకుంది.

"నేను అడగనే లేదు. అడిగింటే ఇచ్చేవాళ్లే. ప్రతిసారీ నువ్వు ఊరికే భయపడతావు, ఇది గూడా అంతేలే అనుకుంటి. చుక్కలన్నీ అయిపోనీ, పోదాంలే అనుకుంటి."

వంటింట్లో ప్రేమజ్యోతి గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"నేను గూడా ఒకటి చెప్పాల మణీ" అన్నాడు దావీదురాజు. "అమ్మ నీ పేరు పిలిచి పిలిచి పాయ అంటి గదా, అందరి ముందర."

"ఊఁ."

"ఆదివారం నుంచి అమ్మకు మాటే లేదు. కండ్లు గూడా తెరవలే. నువ్వొచ్చినా గుర్తుపట్టేది కాదు. ఎవుర్నీ పిలవలే అమ్మ. నాకు శానా కోపమొచ్చె ఆ పొద్దు. ఒక్కన్నే ఉంటి ఈడ. నీకు తగలాలనే అట్ల అంటి. మర్నాడే చెబుదామనుకుంటి. నువ్వు రాకపోతివి, నాకు చెప్పే దావ లేకపాయ."

కృపమణి ముడి వేసింది. ఈసారి పడింది. కట్టు కట్టిన కాలును తన ఒళ్లో పెట్టుకొని అలాగే కూర్చుంది. ఇన్నేళ్లూ ఎవరు పిలిచినా పరుగెత్తింది. ఏ ఫోను మోగినా రెండోసారి మోగనివ్వలేదు. అమ్మ పిలవని పిలుపు కోసం ఎంత దూరం నడిచిందో ఇప్పుడు కాళ్లకు తెలుస్తోంది. ఆమె ఏడ్చింది, గట్టిగా కాదు. అన్న చెయ్యి చాపి ఆమె తల మీద పెట్టాడు.

మధ్యాహ్నం అయింది. ప్రేమజ్యోతి రెండు పళ్లేలు తెచ్చి పెట్టింది. ఒకదానిలో కొర్రబువ్వ, పుల్లగూర. రెండోదానిలోనూ అవే. అప్పుడు ఫోను మోగింది. రామాంజి.

"అక్కా, జ్వరం తగ్గినాదా? రేపు పొద్దన్నే సంఘంలో శిబిరం ఉండాది. డాక్టర్లొస్తాండారు. నువ్వు లేకుంటే కాదు."

"రేపు రాలేనప్పా. బద్వేల్లో ఉండా, మా అన్న దగ్గర. నాలుగు దినాలు ఉంటా."

"అట్లనా? మంచిదిలేక్కా, ఆడనే ఉండు. ఇంకొకతెను పంపు, సరిపోతాది."

కృపమణి గది చుట్టూ ఒకసారి చూసింది. తరువాత తన కాళ్ల వైపు చూసుకుంది.

"ఆమె గూడా ఈడనే ఉండాది రామాంజీ" అని ఫోను పెట్టేసింది.