పొడి వేగం

ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన చొక్కాకు గుండీ ఊడి కనిపించింది. కుట్టి చేతికిస్తే తొడుక్కుంటూ, “నీకేం హాయి, రోజంతా కుర్చీలో కూర్చుని రంగుల బొమ్మలు చూసుకునే ఉద్యోగం,” అన్నాడు. పెళ్లయిన కొత్తలో ఈ మాట గుచ్చుకునేది. ఇప్పుడు నవ్వొస్తుంది, ఎందుకంటే నావి నిజంగా రంగుల బొమ్మలే. అరిగిపోయిన యంత్ర భాగాల మీద లోహపు పొడిని కరిగించకుండానే అతికించే నాజిల్ ఒకటుంది. నడుం సన్నగా ఉండి రెండు వైపులా విచ్చుకున్న గొట్టం అది. గ్యాసు ఆ నడుం దాటగానే ధ్వని వేగాన్ని మించి దూసుకుపోతూ పొడిని వెంట లాక్కెళ్తుంది. పొడికి చాలినంత వేగం ఉంటే లోహానికి అతుక్కుంటుంది, లేదంటే గోడకు కొట్టిన బంతిలా వెనక్కొస్తుంది. లోపల జరిగేది కంటికి కనపడదు కనుక, కంప్యూటర్లో లెక్కకట్టి రంగుల్లో చూపిస్తాను, ఎరుపంటే మంచి వేగం, నీలమంటే దాదాపు ఆగిపోయినట్టు. ఒకసారి అత్తగారికి ఇదంతా చెబితే, “పొడి ఎప్పటికైనా గ్యాసును అందుకుంటుందా?” అని అడిగారు. లేదత్తయ్యా, గొట్టంలో ఉన్నంతసేపూ వెనకబడే ఉంటుందన్నాను. “అయితే అది నేనే. మీ మామగారు చేతులూపుకుంటూ ముందు నడిచేవారు, సంచులు మోసుకుంటూ నేను వెనక,” అని పకపకా నవ్వారు. ఆఫీసులో ఎవరికీ ఇంత తొందరగా అర్థం కాలేదు.

కొత్త నాజిల్ గీసింది నేను. దాన్ని వేరే ఊళ్లో ఫ్యాక్టరీలో వారం పాటు పరీక్షిస్తారు. నా గొట్టంలోంచి పొడి నిజంగా ఎగిరి అతుక్కోవడం కళ్లారా చూడాలని ఏడాదిగా ఆశపడుతున్నాను. బాసు మాత్రం అక్కడికి వెళ్లడానికి తమ్ముడి పేరు రాశాడు. తమ్ముడంటే నా పక్క సీటు ఇంజినీరు, నన్ను అక్కా అంటాడు. “సంసారం ఉన్నదానివి, నిన్ను ఇబ్బంది పెట్టడమెందుకమ్మా,” అన్నాడు బాసు. తమ్ముడికీ భార్యా, ఇద్దరు పిల్లలూ ఉన్నారు, అతనేం సన్యాసం పుచ్చుకోలేదు. ఒళ్లు మండింది. అయినా “సరే సార్” అనేసి వచ్చాను. ఆ సరే నా నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

గుండీ కుట్టిన ఆరోజే ఫ్యాక్టరీ వాళ్లు మా ఆఫీసుకు వచ్చారు. తమ్ముడు తెర ముందు, నేను వెనక వరుసలో. మాకొక అలవాటుంది. అతను తడబడితే ఫోన్లో ప్రశ్న గుర్తు పంపుతాడు, నేను జవాబు పంపుతాను, తనదైనట్టు చెప్పేస్తాడు. “ఇదీ పొడి వేగం,” అని అతను చూపించిన బొమ్మ చూసి గతుక్కుమన్నాను. అది గ్యాసు వేగం బొమ్మ! గ్యాసుది ఎర్రగా, నిండుగా, చూడముచ్చటగా ఉంటుంది కదా, అదే పెట్టేసినట్టున్నాడు. ఫ్యాక్టరీ పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని, “పొడి అతుక్కోవాల్సిన ప్లేటు ముందుకొచ్చేసరికి ఎరుపంతా నీలమైపోయిందేమిటి? పొడి అక్కడ ఆగిపోతే ఇక అతుక్కునేదేముంది? మా దగ్గర వారం పాటు పరీక్ష పెట్టడమెందుకు?” అంది. తమ్ముడు బిక్కమొహం వేశాడు. నా ఫోను వణికింది. దాన్ని తీసి బ్యాగులో పడేసి లేచి నిలబడ్డాను.

“అది గ్యాసు బొమ్మండీ. ప్లేటు తగిలితే గ్యాసు పక్కకు తప్పుకుంటుంది, అందుకే అక్కడ నీలం. పొడికి బరువుంది, తప్పుకోలేదు, తిన్నగా వెళ్లి కొడుతుంది. దాని బొమ్మ వేరే ఉంది. వేగం గ్యాసంత కాదుగానీ, అతుక్కోవడానికి చాలు.”

తమ్ముడు గబగబా ఆ బొమ్మ వెతికి పెట్టాడు. ప్లేటు దాకా ఒకటే నారింజ రంగు. పెద్దావిడ చాలాసేపు చూసింది. “ఇది చేసిందెవరు?”

“నేనే.”

“మరి పరీక్షకు వచ్చేది?”

బాసు గొంతు సవరించుకునేలోగా, “నేనేనండీ,” అన్నాను. అందరికంటే ముందు తలూపింది తమ్ముడే.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ, వచ్చే వారమంతా ఊళ్లో ఉండనని చెప్పాను. మా ఆయన టీవీ కట్టేశాడు. “వారమా? అమ్మ మందులెవరు చూస్తారు?”

“నా మందులు నేను మింగగలనురా, నువ్వు అన్నం వండటం నేర్చుకో!” అన్నారు అత్తగారు లోపల్నుంచి.

“మరి ఇల్లో?” అన్నాడు నీరసంగా.

“ఇల్లెక్కడికీ పోదు. వెళ్లేది నేను,” అన్నాను చేతులు తుడుచుకుంటూ.