టీ చల్లారేలోపు

ఇస్త్రీ పెట్టె ఆవిరి వాసన తగిలితే చాలు, ఇన్నేళ్ల తర్వాత కూడా రత్నమణికి కువైట్‌లో, హవల్లీలోని ఆ నాలుగో అంతస్తు వంటగదే గుర్తొస్తుంది. కింద బడి ఆవరణలో పిల్లల గోల, కిటికీ అద్దం మీద సన్నటి ఇసుక, పొయ్యి పక్కన జపాన్ నుంచి వచ్చిన టీ డబ్బా. ఆ ఇంటి యజమానురాలు సచికో మామా; అక్కడ పనివాళ్లు ఇంటావిడను మామా అనే పిలుస్తారు. ఆవిడ భర్త షుఐబా చమురు కర్మాగారంలో ఇంజనీరు. పనిలో చేరిన రోజే ఆవిడ రత్నమణి పాస్‌పోర్టు ఆమె చేతికే తిరిగిచ్చి, నీది నీ దగ్గరే ఉండాలి అంది. పక్క ఫ్లాటులో పనిచేసే కడప రమాదేవి అది విని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "నన్ను పనికి పిలిపించిన కఫీలు నాది బీరువాలో పెట్టి తాళం ఏసినాడు మే. నీ మామా యాడ దొరికింది నీకు?"

తాళం లేని ఆ పాస్‌పోర్టు రత్నమణి పెట్టెలో చీరల అడుగున నాలుగేళ్లు కదలకుండా పడి ఉంది. సెలవిస్తాను, వెళ్లి పాపను చూసి రమ్మని మామా ఏటా అనేది. రత్నమణి ఏటా రాజోలుకు ఫోన్ చేసి భర్తను అడిగేది. ఆమె సంపాదనతో పెట్టిన సెల్‌ఫోన్ల కొట్టులో కూర్చుని, పాల్‌రాజు ప్రతిసారీ ఒకటే అనేవాడు, అమ్మనడిగి చెప్తాను అని. అత్తగారి జవాబూ మారేది కాదు. "నాలుగు రోజులుండి పోతే పిల్ల బెంగెట్టుకుంటాది. మళ్లీ జొరానికి జాగారం చేసేది నేనే. రావద్దని చెప్పు." చర్చికి వెళ్లడానికి కూడా వెళ్లనా అండీ అని అడిగి బతికిన మనిషి ఆ మాటకు ఎదురేం చెబుతుంది? పాలు మాన్పించి వదిలొచ్చిన ప్రిస్కిల్లా ఇప్పుడు నానమ్మనే అమ్మా అంటోంది. ఈమె కువైట్ అమ్మ. ఫొటోలన్నీ ముఖం వరకే ఉంటాయి కాబోలు, ఒకసారి ఫోన్లో అడిగింది, "నువ్వు పొడుగ్గా ఉంటావా?" అని. జవాబు చెప్పేలోపు లైను తెగిపోయింది.

రెండువేల పది వేసవిలో మామా అమెరికాలో ఉన్న చెల్లెలి పురిటికి బయల్దేరింది. కొద్ది రోజులకైతే జపాన్ వాళ్లకు వీసా అక్కర్లేదని చెప్పింది. ఎవరినీ అడగకుండా దేశాలు దాటే ఆడమనిషి రాత్రిళ్లు ఎంత హాయిగా నిద్రపోతుందో అనుకుంటూ రత్నమణి ఆవిడ బట్టలు ఇస్త్రీ చేసి పెట్టెలో సర్దింది.

మర్నాడు మధ్యాహ్నానికి మామా అదే పెట్టెతో తిరిగొచ్చింది. వీసా అక్కర్లేకపోయినా ముందుగా కంప్యూటర్లో ప్రయాణానికి అనుమతి తీసుకోవాలట. కొత్తగా పెట్టిన పద్ధతట, ఆవిడకు తెలియలేదు. అది లేదని విమానం ఎక్కనివ్వలేదు. ఎర్రబడ్డ ముఖం చూసి రత్నమణి టీ పెట్టి ఇచ్చింది. మామా వంటగది బల్ల మీదే ల్యాప్‌టాప్ తెరిచి అడిగినవన్నీ నింపింది. కాసేపటికి తెర వైపు చూసి నవ్వింది. అనుమతి వచ్చేసింది. కప్పు అందుకుంటే టీ ఇంకా కాలుతోంది, ఊదుకుంది.

"ఇంతేనా మామా?"

"ఇంతే. మరి నీకు? పాస్‌పోర్టు నీ దగ్గరుంది. సెలవు నేనిచ్చాను. ఇంకా ఎవరివ్వాలి రత్నా?"

ఎత్తిపొడుపు కాదు, పాపం నిజంగానే తెలియక అడిగింది. రత్నమణి జవాబు కోసం తన లోపలంతా వెతుక్కుంది. అమ్మనడిగి చెప్తాను అన్న గొంతు తప్ప అక్కడేమీ లేదు. తాళం వేసిన బీరువా కూడా లేదు.

చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"ఏవండీ, వచ్చే వారం వస్తున్నాను."

"అమ్మనడిగి…"

"అడగడానికి చెయ్యలేదండీ. పాపకి చెప్పండి, వాళ్లమ్మ కాస్త పొట్టిగానే ఉంటుందని."