పుల్లమజ్జిగ తగాదాలో ఒక స్క్రీన్‌షాట్

నేను ఒక స్క్రీన్‌షాట్‌ని. కనకవల్లి అనే ఆవిడ ఫోన్ పక్కనున్న రెండు మీటలు ఒక్కసారిగా నొక్కగానే పుట్టాను. కళ్ళు తెరిచేసరికే నా ఒంటినిండా తగాదా ఉంది. ఆ తగాదా ఒక గ్లాసు పుల్లమజ్జిగ గురించి.

మిద్దెతోటలు పెంచేవాళ్ళ గ్రూపు మా పుట్టిల్లు. అందులో అనకాపల్లి రాజ్యంగారనే ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యారు. నరసరావుపేట జానకిరామయ్యగారు పురుగుమందుల కొట్టు మూసేసి, ఇప్పుడు మందు చుక్క తగలకుండా మేడమీద కూరగాయలు పండిస్తున్నారు. ఏళ్ళతరబడి ఇద్దరూ ఒకరికొకరు కవర్లలో విత్తనాలు పంపుకున్నారు. ఏటా విజయవాడలో గ్రూపువాళ్ళు పెట్టుకునే విత్తనాల పంపకంలో పక్కపక్కనే చాపలు పరుచుకునేవారు. కాకరపాదు గురించి మొదలుపెట్టి కష్టసుఖాలదాకా చెప్పుకోవడానికి రాజ్యంగారికి ఆయన తప్ప మరో స్నేహితుడు లేడు.

జానకిరామయ్యగారి కుండీలో కరివేపాకు చెట్టు ఆకులు రాల్చడం మొదలుపెట్టింది. పుల్లమజ్జిగ పోయమని రాజ్యంగారు అన్నారు. పోస్తే చీమలు పడతాయని ఆయన అన్నారు. ఎదురెదురుగా కూర్చుని ఉంటే అక్కడితో ఆపి కాఫీలు తాగేవారు.

గ్రూపుల్లో అలా కుదరదు. అక్కడ పోట్లాడుకోవడానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. ఎక్కడా రాసి ఉండవు గానీ అందరికీ కంఠతా వచ్చు. "వాదించడం నా ఉద్దేశం కాదు" అంటూ మొదలుపెట్టాలి. కోపం పెరిగేకొద్దీ మర్యాద కూడా పెంచాలి. "జానకిరామయ్యగారూ" అనే పిలుపు కాస్తా "పెద్దలు జానకిరామయ్యగారికి" అయిందంటే ఇక నిప్పు రాజుకున్నట్టే. రెండు చేతులు జోడించిన బొమ్మ నమస్కారం కాదు, ఇక దయచేయమని చెప్పడం. చూసేవాళ్ళు ఇద్దరికీ లైకు కొట్టి, "మీరన్నదే రైటు" అని ఇద్దరికీ చాటుగా మెసేజీ పెట్టాలి. "ఇంతటితో ఆపేస్తున్నాను" అన్నవాళ్ళు మళ్ళీ కనీసం ఒకసారైనా రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎదుటివాళ్ళు రాసింది పూర్తిగా చదవకూడదు.

జానకిరామయ్యగారు ఆపేస్తున్నానన్నారు, పాపం నిజంగానే ఆపేశారు. ఆ తర్వాత రాజ్యంగారు ఒక పొడవాటి కామెంటు పెట్టారు. పొడవెక్కువైతే కింది భాగాన్ని మడిచేసి "మరింత చూడండి" అని చూపించడం గ్రూపు అలవాటు. పైకి కనిపించిన చివరి వాక్యం "మీ చెట్టు ఎండిపోతే మాత్రం నా దగ్గరికి రాకండి" అన్నది. అదే గ్రూపులో ఉన్న కనకవల్లిగారికి అంతకన్నా ఏం కావాలి? అదే చోట నన్ను తీసి, "మిమ్మల్ని ఎలా అంటున్నారో చూడండి" అని జానకిరామయ్యగారికి పంపేశారు.

ఆయన నన్ను చాలాసేపు చూశారు. "మరింత చూడండి" మీద వేలు పెట్టి నొక్కారు కూడా. కానీ నా మీద ఉన్నవి అక్షరాలు కావు, వాటి ఫోటో. ఎంత నొక్కినా తెరుచుకోలేదు. నాకు నోరుంటే చెప్పేదాన్ని. ఆ సాయంత్రమే ఆయన గ్రూపులోంచి వెళ్ళిపోయారు.

ఎందుకు వెళ్ళారో రాజ్యంగారికి తెలియలేదు. ఎన్నో ఏళ్ళపాటు ఊళ్ళోవాళ్ళందరికీ లైన్లు కలిపిన మనిషి, ఆయన నంబరు చేతిలో పెట్టుకుని, వెళ్ళినవారే చెయ్యాలి కదా అని బిగుసుకు కూర్చున్నారు. ఆ ఏడు విజయవాడ వెళ్ళకూడదనుకుని, విత్తనాల డబ్బాలు అటకెక్కించేశారు.

ఈలోగా నేను చేతులు మారుతూ చాలా ఊళ్ళు తిరిగాను. ఎవరో మంచి మనిషి రాజ్యంగారి పేరు మీద ఎర్రగా గీత కొట్టి మరీ ముందుకు పంపారు. ఇలా పంపుకునేవాళ్ళలో దాన్ని సభ్యత అంటారు. మొక్కలతో ఏ సంబంధమూ లేని గ్రూపులు దాటుకుంటూ చివరికి హైదరాబాదులో రాజ్యంగారి అక్క కూతురి ఫోన్లో దిగాను. ఆ అమ్మాయి నవ్వుకుని, "ఎవరో గానీ ఎంత పొగరో చూడు పిన్నీ" అని రాసి అనకాపల్లి పంపింది.

పేరు లేకపోయినా తన వాక్యం తనకు తెలియదూ? రాజ్యంగారు మొదట గుర్తుపట్టారు. తర్వాత అది ఎక్కడ ఆగిపోయిందో చూశారు. జానకిరామయ్యగారు ఎందుకు వెళ్ళిపోయారో అప్పుడు అర్థమైంది. పొయ్యిమీద పాలు ఉన్న సంగతి కూడా మరిచిపోయి ఫోన్ చేశారు.

"మిగతాది చదవలేదేటండీ?" అన్నారు, పలకరింపు కూడా లేకుండా.

"మిగతాది ఏముందండీ? రావద్దన్నది మీరే గదా" అన్నారు జానకిరామయ్యగారు.

ఆవిడ తన కామెంటు తెరిచి, మడతపడిన ముక్క చదివి వినిపించారు. "రాకండి. నేనే కొత్త మొక్క పట్టుకుని వచ్చి మీ మేడెక్కుతాను. ఈలోపు కాస్త మజ్జిగ పోసి చూడండి, నా మీద నమ్మకముంటే."

 

"ఆ రోజునుంచే పోస్తన్నానండీ," అన్నారాయన, గొంతు బాగా తగ్గించి. "చెట్టు నిండా చిగురే. మీకు చూపిద్దామంటే మీరు రావద్దన్నారని ఊరుకున్నా." వెంటనే, "గ్రూపులో మాత్రం చెప్పమాకండి" అన్నారు.

రాజ్యంగారు చెప్పనని మాటిచ్చారు. డబ్బాలు అటకమీంచి దించుకున్నారు. నన్ను తన ఫోన్లోంచి చెరిపేశారు, అందుకు నేనేమీ బాధపడలేదు.

కానీ మిగతా ఫోన్లలో నేను ఇంకా బతికే ఉన్నాను. గ్రూపులో ఇప్పుడు మజ్జిగవాళ్ళు, చీమలవాళ్ళు అని రెండు వర్గాలున్నాయి. రాజ్యంగారి తరఫునా జానకిరామయ్యగారి తరఫునా రోజూ కొట్టుకుంటున్నారు. ఆ ఇద్దరూ ఎప్పుడో కలిసిపోయారని ఎవరైనా చెప్పినా నమ్మరు. ఆధారం చూపించమంటారు. అప్పుడు ఎవరో ఒకరు నన్నే తీసి పెడతారు.