వెనక తలుపు తాళంచెవి

ఆ కుట్టు ఫ్యాక్టరీలో వెనక తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో తేల్చే ఎన్నిక అది. చీటీలు లెక్కపెట్టింది కాజాలు కుట్టే వదిన. సూపర్‌వైజర్‌కి నలభై ఒకటి, కాలర్ల అక్కకి ముప్పై అయిదు, కటింగ్ మాస్టారికి ముప్పై నాలుగు.

పని జరిగేటప్పుడు ఆ తలుపు తెరిచే ఉంచాలని అక్కా, మాస్టారూ ఇద్దరూ నెత్తీ నోరూ బాదుకున్నారు. పోటీలో ఉన్న ముగ్గురిలో, సరుకు పోతుందని తాళం వేయాలనేవాడు సూపర్‌వైజర్ ఒక్కడే. కిందటేడు ఇస్త్రీ బల్ల దగ్గర పొగ లేచినప్పుడు ఆ తలుపు బాదీ బాదీ వదిన అరచేతులు వాచిపోయాయి.

మాస్టారు మొన్ననే చెప్పాడు. "చీటీ మీద ఒకటి, రెండు అని నంబర్లు వేయిద్దామమ్మా. నాకు అందరికన్నా తక్కువ వస్తే, నాకు ఒకటి వేసినవాళ్ల ఓట్లు, వాళ్లు రెండు ఎవరికి వేస్తే వాళ్లకి పోతాయి."

"చాల్లెండి మాస్టారూ! రెండుసార్లు లెక్కపెడుతూ కూర్చుంటే భోజనం టైము కాస్తా అయిపోతుంది. ఒక్క టిక్కు చాలు," అని కొట్టిపారేసింది వదినే.

లెక్క నిజంగానే పది నిమిషాల్లో తేలిపోయింది. అరవై తొమ్మిది మంది వద్దనుకున్నవాడే గెలిచాడు. వదిన ఫలితం చదివింది.

"ఇంకా బోలెడు టైముంది, తీరిగ్గా తినమ్మా," అన్నాడు సూపర్‌వైజర్, తాళంచెవి జేబులో వేసుకుంటూ.

వదిన క్యారియర్ తెరవకుండానే లేచింది. మిషన్లు మొదలయ్యాయి. అంత మోతలోనూ వెనక తాళం పడిన చప్పుడు ఆమెకి వినిపించింది. ఆ వెంటనే ఎవరో ఇస్త్రీ పెట్టె స్విచ్ వేశారు.